చిప్పు మీద బొట్టు

కొవిడ్ సద్దుమణిగాక, గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని ఒక బ్యాంకులో నన్ను కార్డుల విభాగానికి అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. జనానికి అప్పు పుట్టించడం పై అంతస్తు వాళ్ల పని. ఆ అప్పు దుకాణంలో ఎందుకు పనిచేయడం లేదో ఫోనులో వివరించడం మా పని.

నర్సయ్య గారిది జగిత్యాల వైపు. ఇక్కడ బహ్లా అనే ఊళ్లో చిన్న కాంట్రాక్టరు. రావలసిన బిల్లులు రాక ఆయన వ్యవహారం కోర్టులో దివాలా దాకా వెళ్లింది. అలాంటి మనిషికి క్రెడిట్ కార్డేమిటని మీరు అడగవచ్చు. మా మేనేజరూ అడిగాడు. దీన్ని సెక్యూర్డ్ కార్డు అంటారు. ఖాతాదారు ముందే డిపాజిట్ పెడతాడు, బ్యాంకు దాన్ని కదలనివ్వదు, ఆ మేరకే కార్డు వాడుకోనిస్తుంది. అంటే ఆయన డబ్బు ఆయనకే అప్పిచ్చి, సమయానికి కడుతున్నాడా లేదా అని మేము గంభీరంగా గమనిస్తాం. సరిగా కడితే పోయిన పరపతి మెల్లగా తిరిగొస్తుంది. దివాలా నడుస్తోంది కనుక ఆస్తులు చూసే కోర్టు ట్రస్టీ అనుమతి కూడా కావాలి. బావమరిది డిపాజిట్ సర్దాడు, ట్రస్టీ సరేనన్నాడు, కార్డు చేతికందింది.

మొదటిసారి వాడిన రోజే నర్సయ్య గారు ఫోన్ చేశారు. మునిగిన తర్వాత దొరికిన తొలి పని, ఒక ప్రహరీ గోడ. దానికి కాంక్రీటు మిక్సరు అద్దెకు కావాలి. పూచీగా కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచితే తప్ప దుకాణం అర్బాబ్, అంటే యజమాని, మిక్సరు కదలనివ్వడు. మిక్సరు లేకపోతే గోడ ఇంకొకరిది.

"సార్, మిషిన్ కార్డు తీస్కుంటలేదు. కోర్టోళ్లు బందు వెట్టిండ్రా? అర్బాబ్ ఖలాస్ అంటుండు. ఎన్క ఇంకో కాంట్రాక్టరు నిలవడ్డడు. నన్ను జూసి నవ్వుతుండు."

తెర మీద చూశాను. కార్డు నిక్షేపంగా ఉంది. బ్యాంకు కాదంటే, ఎందుకు కాదన్నదో ఒక కోడు నమోదవుతుంది. ఇక్కడ కోడు లేదు. అంటే మేము కాదనలేదు. మమ్మల్నెవరూ అడగనే లేదు. గొడవ మా దాకా రాకముందే, కార్డుకీ మిషనుకీ మధ్య జరుగుతోంది.

కార్డుకి ఏమైనా చేశారా అని అడిగాను.

"ఏం జేస్త సార్. పూజ జేసిన, గంతే."

"బొట్టు ఎక్కడ పెట్టారు?"

"బంగారు లెక్క మెరుస్తది గద, గాడనే. మొకం గదే అనుకున్న."

తడి పసుపు, దాని మీద కుంకుమ, ఎండి, మిషను చదవాల్సిన చిప్పును పూర్తిగా కప్పేశాయి. తుడిచేయమన్నాను.

"బొట్టు తుడుసుడు మంచిగుండది సార్. అసలే దివాల."

ఇలాంటి అభ్యంతరానికి మా మాన్యువల్‌లో అధ్యాయం లేదు. అందుకని నాకు తెలిసిన ఏకైక విద్య ప్రయోగించాను. తుడవద్దు, బదిలీ చేయమన్నాను. గోటితో మెల్లగా తీసి, వెనకవైపు ఏమీ రాయని చోట పెట్టాలి. బొట్టు కార్డు మీదే ఉంటుంది, శాఖ మాత్రమే మారుతుంది.

"గట్లయితె సరే," అన్నారాయన. కాసేపటికి మా తెర మీద దుకాణం పేరు కనిపించింది. ఆమోదించబడింది.

"నవ్వెటాయన ఇప్పుడు మిక్సర్ ఎక్కించనీకి చెయ్యి వడుతుండు సార్," అని ఫోన్ పెట్టేశారు.

నేను నేర్చుకున్నది ఇంతే. తిరస్కారం నమోదు కాని చోట కారణాన్ని బ్యాంకులో వెతకకూడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మనవాళ్లకు కార్డు ఇచ్చేటప్పుడు, నిబంధనలకంటే ముందు, దాని ముఖం ఏదో వీపు ఏదో చూపించేవాణ్ణి.