ఆమేన్ అనేదాకా

మొన్న అక్క ఎడమచేతికి కట్టుతో పుట్టింటికి వచ్చింది. జారిపడ్డానంది. మా బొగ్గుబావుల కాలనీ క్వార్టర్లలో ఆడవాళ్లు తెగ జారిపడుతుంటారు, గచ్చు మాత్రం అంత నున్నగా ఏమీ ఉండదు. సాయంత్రం బావ వచ్చి బాపు ముందు తల వంచుకుని నిజం తనే చెప్పాడు. "కోపంల చెయ్యి మెలిపెట్టిన మామా. ప్రేమున్నది కాబట్టే కొట్టిన" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. అది అచ్చంగా మా ఇంటి మాట.

చిన్నప్పుడు మా ఇంట్లో దెబ్బలకు ఒక పద్ధతుండేది. బాపు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, తీరిగ్గా మా తప్పులు విచారించేవాడు. అల్మారాలో బైబిలు పక్కనే చింతబరిగె ఉండేది, రెండింటికీ దుమ్ము పట్టనిచ్చేవాడు కాదు. కొట్టాక "ప్రేమున్నది కాబట్టే కొట్టిన బిడ్డా" అని మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసేవాడు. దెబ్బలు తిన్నవాళ్లు ఆమేన్ అంటేనే ప్రార్థన ముగిసేది, అప్పటిదాకా ఎవరికీ అన్నం లేదు. నేను ఆకలికి ఆగలేనిదాన్ని, వాతల మంట ఆరకముందే అనేసేదాన్ని. అక్కకు రోషం. పెదవులు బిగించి కూర్చునేది. బాపు కళ్లు మూసుకునే ఎదురుచూసేవాడు. చివరికి మమ్మల్ని కన్న అవ్వ వంటింట్లోంచి, "అనరాదే బిడ్డా, అన్నం సల్లగైతాంది" అని బతిమాలేది. అక్క అనేది. వెంటనే బాపు తన కంచంలోని మంచి మాంసం ముక్క తీసి అక్కకు వేసేవాడు. పిల్లల్ని ఎంత క్రమశిక్షణలో పెంచాడని చర్చిలో అందరూ మెచ్చుకునేవాళ్లు.

మొన్న కూడా బాపు బావను ఒక్క మాట అనలేదు. ఇద్దర్నీ పక్కపక్కన మోకరింపజేసి, తలల మీద చేతులుంచి ప్రార్థించాడు. తెల్లారి ఇద్దరూ కలిసి వాళ్లింటికి పోవాలన్నదే అందులో సారం. బావ గట్టిగా ఆమేన్ అన్నాడు. బాపు కళ్లు తెరవలేదు, అక్క కోసం ఆగాడు.

"అనరాదే బిడ్డా, అన్నం సల్లగైతాంది" అంది అవ్వ.

"సల్లగ కానియ్యే అవ్వా. నేను పోను."

అక్క బాగున్న చేత్తో బాపు చేతిని తల మీంచి తీసి పక్కన పెట్టి లేచింది. బావ వెళ్లిపోయాక మేమంతా చల్లటి అన్నమే తిన్నాం. అక్క తల అప్పటికే నెరిసిపోయింది. ఆమేన్ అన్న ఆ ఒక్క మాట అనకుండా ఉండటానికి ఇన్నేళ్లు పట్టింది, ఆ ఏళ్లు మాకు తిరిగిమ్మని ఇంట్లో ఎవరిని అడగను?