మేడెక్కిన కుళాయి నీళ్లు

మా సందు చివరి మేడలో ఒక రాజనీతిజ్ఞుడు ఉండేవారు. ఆ బిరుదు నేను ఇచ్చింది కాదు. ఒకప్పుడు అసెంబ్లీలో కూర్చుని వచ్చారు, తర్వాత ఎన్నికల్లో ఓడిపోయారు. మాజీ అంటే మొహం ముడుచుకునేవారు, రాజనీతిజ్ఞుడు అంటే విచ్చుకునేవారు. అందుకని సందులో మగవాళ్లంతా అలాగే పిలిచేవారు. నేను మనసులో ఇంకో మాట అనుకునేదాన్ని, అది ఇక్కడ రాయను.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన పోర్టులో గుమస్తా. గోదావరి జిల్లా నుంచి వచ్చి మద్దిలపాలెం బస్సు డిపో వెనక రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగాం. కాలవ గట్టున పుట్టి పెరిగిన నాకు నీళ్ల కోసం నిలబడాలని విశాఖపట్నం వచ్చాకే తెలిసింది. సందు మొత్తానికీ వీధి కుళాయి ఒక్కటే. పొద్దున కాసేపు వచ్చేది, అదీ దానికి దయ కలిగితే.

ఆ కుళాయి దగ్గర మా ఆడవాళ్లకో పద్ధతి ఉండేది. బిందె పెట్టి వెళ్తే తిరిగి ఉంటుందని నమ్మకం లేదు గనక, వరసలో ఎవరి రాయి వాళ్లు పెట్టి ఇంట్లో పని చూసుకునేవాళ్లం. నాది విరిగిన సన్నికల్లు ముక్క. పక్కింటి పిన్నిది సముద్రం ఒడ్డున ఏరుకొచ్చిన నల్లటి గుండ్రాయి. ఆవిడది తగరపువలస పక్క పల్లెటూరు, భర్త డిపోలో డ్రైవరు. ఎవరి రాయి ఏదో అందరికీ తెలుసు. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్లున్నారు, బిందెలు సొట్టలు పోయిన రోజులున్నాయి. కానీ ఒకరి రాయి ఇంకొకరు జరిపిన పాపాన పోలేదు.

సాయంత్రం అయ్యేసరికి రాజనీతిజ్ఞుడు వరండాలో పడక్కుర్చీ వేయించుకునేవారు. మగవాళ్లు మెట్ల మీద కూర్చునేవారు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటి, సమానత్వం అంటే ఏమిటి, ఈ దేశం ఎందుకిలా తగలడింది, తను గెలిచి ఉంటే ఎలా వెలిగిపోయేది, అన్నీ చెప్పేవారు. మా కుళాయి వరస కూడా ఆయన ఉపన్యాసంలోకి ఎక్కింది. "ఆ రాళ్లను చూడండి. అదీ ప్రజాస్వామ్యం! ధనిక పేద తేడా లేదు, ముందు వచ్చినవారిదే వంతు!" అనేవారు. మెట్ల మీద తలలు ఊగేవి. ఊగక ఏం చేస్తాయి? ప్రతి తలకీ ఆయనతో ఒక పని ఉంది. మా మరిదికి స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఆయన సిఫారసు చేస్తానన్నారు, అందుకని మా ఆయన తల అందరికంటే కాస్త ఎక్కువ ఊగేది. లోపల ఆయన భార్య కాఫీలు కలిపి, తలుపు సందులోంచి పళ్లెం అందించి మళ్లీ లోపలికి పోయేది. ఆవిడ గొంతు మాకెవరికీ తెలియదు.

ఆ వేసవిలో ఆయన కుళాయి గొట్టానికి మోటారు బిగించారు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, మా సందులో నీరు మేడే ఎరిగింది. పైన ట్యాంకు ఇంకా కట్టలేదు, మోటారు ఆడినంతసేపే పైకి నీళ్లు. ఆ కాసేపట్లోనే ఆయన స్నానం, కారు స్నానం, క్రోటన్ మొక్కల స్నానం అయిపోయేవి. కింద మా కుళాయి మాత్రం చీదుతూ ఉండేది. అడుగు తడవని బిందెతో ఇంటికి వచ్చి, పిల్లాడి జ్వరం గుడ్డ తడపడానికి కూజాలో తాగే నీళ్లు వంచిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆడవాళ్లమంతా కలిసి వరండా ముందుకు వెళ్లాం. ఆయన సంతోషించారు, వినేవాళ్లు పెరిగారని.

"సమానత్వం అంటే అందరికీ ఒకే కొలత కాదమ్మా. అయిదు వేళ్లూ సమానంగా ఉంటాయా?" అన్నారు.

"వేళ్లు సమానం కాపోతే పోనీండి బాబూ. ముద్ద కట్టినప్పుడు అయిదూ కలిసే గదా తడుత్తాయి. మా వేళ్లు తడిసి నాలుగు రోజులైపోనాది," అంది పిన్ని.

మెట్ల మీద ఎవరో నవ్వబోయి దగ్గారు. ఆయన కూడా నవ్వి, దీన్ని ప్రజాస్వామ్యబద్ధంగానే తేలుద్దాం, ఇంటికొక ఓటు, కుటుంబ యజమానులు చేతులెత్తండి అన్నారు.

"నీళ్లు మోసేది మేవు, సెయ్యెత్తేది ఆళ్లా?" అంది పిన్ని. "పోనీ, మీ ఇంట్లో అమ్మగారి ఓటేటండి?"

"మా ఆవిడ ఓటూ నాదే. మా ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం," అన్నారాయన. లోపల కాఫీ పళ్లెం కింద పెట్టిన చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది.

మోటారు ఆడాలన్నవాళ్లు చేతులెత్తారు. మా ఆయన నాకేసి చూసి, తల గోక్కోవడానికి చెయ్యెత్తి, దాన్ని అక్కడే ఉంచేశాడు. మోటారు బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచింది.

మర్నాడు మా ఆయన స్నానానికి నీళ్లేవని అడిగాడు. మెజారిటీని అడగమన్నాను. అలాగే చొక్కా తొడుక్కుని ఆఫీసుకి పోయాడు.

ఆ సాయంత్రం పిన్ని నా గుమ్మంలో కూలబడి, "నీళ్లెక్కడుంటే లైనక్కడే ఉండాలి గదేటి. నీళ్లు మేడ మీదున్నాయి. రేపు మన రాళ్లట్టుకెళ్లి ఆ గేటు ముందరెట్టేద్దాం," అంది.

పెట్టేశాం. తెల్లారి ఆయన పళ్లు తోముకుంటూ పైనుంచి చూసి, "ఆహా, ఎంత క్రమశిక్షణ!" అన్నారు. ఆ వరస తన గేటు దగ్గర మొదలైందని ఆ తర్వాత కనిపించింది. లోపలికి తిరిగి, "ఒక్కో చెంబు పోసి పంపెయ్ వీళ్లని," అని భార్యకు పురమాయించి స్నానానికి పోయారు.

ఆవిడ దిగి వచ్చింది. మాకేసి చూసింది, మా రాళ్లకేసి చూసింది. సరాసరి గోడ పక్కనున్న స్విచ్చి దగ్గరికి వెళ్లింది. మోటారు చప్పుడు ఆగిపోయింది. సందు మొదట్లో మా కుళాయి రెండుసార్లు దగ్గి, బుసబుసా పొంగింది. ఎవరి రాయి వాళ్లం తీసుకుని అటు పరిగెత్తి, అదే వరసలో పెట్టుకున్నాం.

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ వస్తోంది. చంకలో బిందె, రెండో చేతిలో రుబ్బురోలు పొత్రం. ఇంటికి వచ్చే పోయే నాయకులకు ఎన్ని వీశెల పిండి రుబ్బిందో గానీ, ఆ పొత్రం నున్నగా అరిగిపోయి ఉంది. దాన్ని వరస చివర పెట్టి, దాని వెనక నిలబడింది.

"అయ్యో, అమ్మగారూ, మీరు ముందుకొచ్చేయండి," అంది పిన్ని.

"వద్దమ్మా. నా రాయి ఇక్కడుంది," అంది. ఆవిడ గొంతు వినడం నాకదే మొదలు.

ఇంతలో మేడ మీంచి కేక వినిపించింది. రాజనీతిజ్ఞుడు తువ్వాలు చుట్టుకుని, తలంతా సబ్బు నురగతో, కళ్లు మూసుకుని పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. "ఏమేవ్! నీళ్లు ఆగిపోయాయి! ఎక్కడ చచ్చావ్?"

సందంతా ఆవిడకేసి చూసింది. ఆవిడ తల ఎత్తలేదు, గొంతు మాత్రం బాగానే ఎత్తింది.

"లైన్లో ఉన్నానండీ. నా ముందు ఇంకా చాలామంది ఉన్నారు. మీకంత తొందరైతే దిగి రండి, నా వెనక ఖాళీయే."