నాలుక లేని గంట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. వాటి కథలు కట్టి పదిమందిని బెదరగొట్టినవాణ్ణి, నేనెలా నమ్ముతాను?

మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలు మూతపడ్డాయి. నేనూ, మా ఊరి రాజయ్యా కరీంనగర్ వైపు నడక మొదలుపెట్టాం. కామ్‌రేజ్ దాటాక పోలీసులు ఆపేశారు. దగ్గరి పల్లెలో పాత మెథడిస్టు చర్చి ఉంటే, అందులో తలదాచుకున్నాం.

చర్చిని చూసుకునే ముసలాయన సామ్యూల్‌భాయ్ దాని చరిత్ర చెప్పేవాడు. ఇటుకలు ఊరివాళ్లే కాల్చుకున్నారట. గంట ఎడ్లబండి మీద వచ్చిందట. వాళ్ల తాత కాలంలో ప్లేగు వచ్చి, గంట కొట్టే దిక్కులేక కొందరిని అలాగే పూడ్చారు. అప్పటినుంచి ఒక కట్టుబాటు. ఊళ్లో ఎవరు పోయినా గంట మోగాల్సిందే.

ఇప్పుడు గంట వింటే జనం గుమిగూడతారని, లోపల వేలాడే ఇనుప నాలుకను ఆయనే విప్పేశాడు. "నేను పోతే ఎవరు కొడతారు భాయ్?" అని హిందీలో అడిగి నవ్వాడు. కొన్నాళ్లకే జ్వరం వచ్చింది. అంబులెన్స్ ఎక్కబోతూ, ఆ నాలుక తుప్పు వదిలించి ఉంచమని నాకు చెప్పాడు.

ఒక మధ్యాహ్నం చర్చి మెట్ల మీద కూర్చుని దానికి నూనె రాస్తున్నాను. ఎదురుగా ఆయన భార్య మార్తాబెన్ జొన్నరొట్టెలు తడుతోంది. పైన గంట మోగింది.

తర్వాత సూరత్ తిరిగొచ్చి, ఉన్ అనే పేటలో టీకొట్టు దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడు, గంట ఆగకుండా మోగిందనీ, పావురాలు రాలిపడ్డాయనీ, కుక్కలు ఏడ్చాయనీ చెప్పాను. అదంతా నేను కలిపిందే. మోగింది ఒక్కసారే. అక్కడ పావురాలే లేవు.

మార్తాబెన్ పిండి చేతులతోనే లేచి పొయ్యి ఆర్పేసింది. ఆయన పోయాడని ఆస్పత్రి నుంచి ఫోను ఆ తర్వాత వచ్చింది.

లోపలున్న రాజయ్యకు ఏమీ వినపడలేదట. "మగ్గాల కాడ చెవులు పోగొట్టుకున్నవు, నీకెట్ల ఇనబడ్డది కాకా? గిది గూడ కోతలేనా?" అన్నాడు. వాడి తప్పు లేదు. పక్కన నిలబడి గట్టిగా అరిస్తే తప్ప నాకు వినపడదు.

శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. ఆయనకు గంట అందింది, అది చాలు అంది మార్తాబెన్.

గాలికి మోగిందని చాలామంది అన్నారు. నాలుక పైన ఉంటే కదా. అది నా చేతిలో ఉంది. గంట మోగిన క్షణంలో నా పిడికిట్లోనే వణికింది. ఎలాగో ఇప్పటికీ నాకు తెలియదు. ఇందులో మాత్రం నేనేమీ కలపలేదు.