సుమన్ గిర్నీ

సుమన్ మా ఊరివాడే. సూరత్‌లోని ఉధ్నాలో నాతోపాటు మగ్గాల మీద పనిచేసేవాడు. అతన్ని చూసినప్పుడల్లా నాకు జాలి కాదు, మా ఊరి మీద అసహ్యం పుట్టేది.

ఉత్తర తెలంగాణలోని మా ఊళ్లో ఏ వ్యాపారానికైనా గ్రామాభివృద్ధి కమిటీ వేలం పెడుతుంది. కోడిమాంసం అమ్మాలన్నా, గిర్నీ పెట్టి పిండి పట్టాలన్నా వేలం పాడుకున్నవాడికే హక్కు. ఊరి బాగు కోసమట.

సుమన్‌కు ఈ సంగతి తెలియక కాదు. ‘నా పాకలో నా గిర్నీ పెట్టుకుంటే ఎవరడుగుతారులే’ అనుకున్నాడు. కారం, పసుపు పట్టి, పొట్లాలు కట్టి పక్క ఊళ్ల దుకాణాలకు వేసేవాడు. అయితే ఊళ్లో గిర్నీ హక్కు కమిటీ అధ్యక్షుడు ఆగయ్య బావమరిదిది. వారం తిరక్కుండా డప్పు చాటింపు వేయించారు. సుమన్ గిర్నీకి పోతే జరిమానా, అతనితో మాట్లాడినా జరిమానా. సొంత మేనత్త వెంకటవ్వ కూడా మిరపకాయల మూట చంకన పెట్టుకుని, తల దించుకుని అతని గుమ్మం ముందు నుంచే దాటిపోయింది. ఛీ, ఏం మనుషులు.

సుమన్ గిర్నీ మీద తాడిపత్రి పట్టా కప్పి సూరత్ రైలెక్కాడు. ఎప్పటికైనా వెళ్లి దాన్ని మళ్లీ తిప్పాలన్నదే అతని ఆశ.

మొన్న దసరా తర్వాత ఆగయ్య బృందం ఉధ్నాకు వచ్చింది. ఊరి ముందు కమాను కట్టడానికి పోయిన ఏడాది ఉధ్నాలోని మా ఊరివాళ్లమంతా చందాలిచ్చాం. అందుకు మాకు శాలువాలు కప్పుతారట. ఆగయ్య మైకు పట్టుకుని కళ్లు కూడా తుడుచుకున్నాడు.

“పోరగాండ్లంత గిట్ల సూరత్ పోతే ఊరు ఏంగావాలె? తెలివున్నోళ్లు వాపస్ రావాలె, దందాలు పెట్టాలె. ఊరు మీ ఎన్క ఉంటది.”

మావాళ్లు చప్పట్లు కొట్టారు. సుమన్ లేచి నిలబడ్డాడు.

“కాకా, నా గిర్నీ గట్లనే ఉన్నది. వచ్చి తెరుస్త. తెర్వనిస్తరా?”

ఆగయ్య నవ్వాడు. “గదేం మాట బిడ్డా, తప్పకుంట రా. వచ్చే వేలంల పాడు.”

“నా సొంత గిర్నీకి వేలమేంది కాకా?”

“నీ ఒక్కనికోసం ఊరి కట్టుబాటు మారుస్తమా?”

దానికీ మావాళ్లు చప్పట్లు కొట్టారు. చేతిలో పెట్టిన లడ్డూ అక్కడే వదిలేసి బయటికొచ్చాను.

ఆ నెలలోనే సుమన్ ఊరికి వెళ్లి గిర్నీని లారీకెక్కించాడు. ఇప్పుడది ఉధ్నా దగ్గరి ఉన్ పేటలో, కార్మికుల గదుల మధ్య రోజంతా తిరుగుతోంది. ఊరు దాటుతూ డ్రైవర్ పక్క సీట్లోంచి తీసిన ఫోటో ఒకటి నాకు పంపాడు. అందులో మా చందాలతో కట్టిన కమాను ఉంది. దాని మీద ‘మళ్లీ రండి’ అని రాయించారు. కింద ఆగయ్య పేరు, ఇంకా పెద్ద అక్షరాలతో.