ఆకాశపు మొగ దగ్గర సత్తియ్య

భూమ్మీద పుట్టిన మత్స్యకారుల్లో ఆకాశంలో ఓడ పోగొట్టుకున్నవాడు ఒక్కడే. అతనిది నరసాపురం. పేరు సత్తియ్య. తొమ్మిది దొంగ ఓడలు నాలుగు పక్కల నుంచీ కమ్ముకుంటే, ఓడ కొట్టు నిండా ఐసు పెట్టుకుని, ఒంటిచేత్తో చుక్కాని తిప్పుతూ ఎనిమిదింటిని బూడిద చేసి, తొమ్మిదోదాన్ని ఢీకొట్టి, చుక్కల మధ్య ఎక్కడో మునిగిపోయాడు. నమ్మకపోతే స్టేషన్ రోడ్డులో ఎవరినైనా అడగండి. తొమ్మిది కాదు, పదహారు అని ఒట్టేసి చెప్పేవాళ్ళు కూడా దొరుకుతారు.

ఆకాశానికి ఎక్కకముందు సత్తియ్య సముద్రం మీద ఉండేవాడు. గోదావరి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. అక్కడ ఇసుక మేటలు కుదురుగా ఉండవు. నిన్న పడవ దాటిన చోటే ఇవాళ పడవ కూలబడుతుంది. అందుకని సత్తియ్య వాళ్ళు మొగని ఒంటరిగా దాటేవాళ్ళు కాదు. రెండు పడవలు జోడుగా వెళ్ళాలి. ముందు పడవ మేట ఎక్కేస్తే వెనక పడవ తాడేసి లాగాలి. సత్తియ్యకి జోడు గంగయ్య, వరసకి బావ. గంగయ్య కన్ను మామూలు కన్ను కాదు. నీళ్ళ రంగు చూసి ఇసుక ఎంత లోతులో ఉందో చెప్పేవాడు. ఆ ఇసుక మీద పడుకున్న పీత ఆడదో మగదో కూడా చెప్పేవాడని ఊళ్ళో ప్రచారం. అందుకే ఎప్పుడూ గంగయ్య పడవ ముందు, సత్తియ్య పడవ వెనక. మొగ దగ్గరకి రాగానే ఇద్దరూ ఇంజన్లు ఆపి, నోరు కట్టేసుకునేవారు. అల ఎక్కడ విరుగుతోందో చెవితో వినాలి, అక్కడ మాట్లాడడం తప్పు. అలా ఒకరి వెనక ఒకరు, మాటా పలుకూ లేకుండా, వయసంతా దాటారు.

తర్వాత వేట తగ్గింది. గంగయ్య పడవ అమ్మేశాడు. వలలు మూట కట్టి సత్తియ్య ఇంటి అటక మీద పడేసి, విశాఖపట్నం మరబోట్ల మీద కూలికి వెళ్ళిపోయాడు. జోడు లేని సత్తియ్య పడవ గట్టు మీద బోర్లా పడుకుంది.

"ఇంకో జోడు చూసుకోరాదా సత్తియ్యా?" అని రేవులో అడిగితే, "బావ వలలు నా దగ్గరే ఉన్నాయి కదండి. వస్తాడు. ఇద్దరికీ నా పడవ చాల్దా?" అనేవాడు.

భార్య అచ్చాయమ్మ అప్పటికే పోయింది. ఇంట్లో మిగిలింది అతనూ, అటక మీద బావ వలలూ.

రెండువేల రెండులో సత్యప్రసాద్ అనే రైతుబిడ్డ స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ తాడు లాగడానికి మనిషి కావలసివచ్చాడు. పనికోసం వచ్చినవాళ్ళు లాగి లాగి భుజాలు పట్టుకుని కూర్చున్నారు. సత్తియ్య వచ్చి ఒక్క లాగు లాగాడు. ఆ ఊపుకి పాలకొల్లులో బల్బులు వెలిగాయి.

"ఏంటండీ ఆ చెయ్యి!" అన్నాడు సత్యప్రసాద్.

"పడవ ఇంజన్ లాంటిదే కదండి," అన్నాడు సత్తియ్య.

కరెంటు ఉన్నంతసేపూ అతనికి పని లేదు. మధ్యాహ్నం ఎండకి సెంటర్‌కి మనుషులు రారు. ఫ్యాన్ల కింద ఖాళీ కుర్చీలు వరసగా ఉండేవి. ఆ కుర్చీల మధ్య ఈ మనిషి ఊరికే కూర్చోవడం చూడలేక సత్యప్రసాద్ ఒకరోజు ఒక గేము పెట్టి ఇచ్చాడు. ఆకాశంలో ఓడ. ఒక గ్రహం దగ్గర సరుకు కొని ఇంకో గ్రహం దగ్గర అమ్ముకోవాలి.

"కాల్చుకోవచ్చు కూడానండీ. తుపాకులున్నాయి."

"వద్దండి. బేరమైతే చూస్తాను."

ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ నీలం గడ్డ బొమ్మ ఐసు అని, ఆకుపచ్చ బాణం చవకని, ఎర్ర బాణం ప్రియమని వారంలో పట్టేశాడు. నెల తిరిగేసరికి మండిపోయే గ్రహాలన్నిటికీ ఐసు అతనే తోలుతున్నాడు. అతను సెలవు పెట్టిన రోజు అక్కడి జనం గొంతెండి చచ్చారంటారు.

ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి పోవాలంటే దారిలో గేటు ఒకటి దాటాలి. పేద్ద ఇనుప కడియంలా నల్లటి ఆకాశంలో తిరుగుతూ ఉంటుంది. సత్తియ్య దాన్ని మొగ అనేవాడు. అక్కడికి రాగానే ఓడ ఆపేసేవాడు. కంప్యూటర్ తనంతట తాను నడిపే ఓడ ఏదైనా వచ్చి కడియంలో దూరితే దాని వెనకాలే దూరేవాడు. ఏదీ రాకపోతే అలాగే ఉండిపోయేవాడు. తెర మీద నలుపు, అందులో చిన్న దీపంలా అతని ఓడ.

"ఎవరికోసం ఆగారండీ?" అన్నాడు సత్యప్రసాద్ నవ్వుతూ.

"జోడు కోసమండి."

"అవి కంప్యూటర్ ఓడలు సత్తియ్య గారూ. మీరు వెనకున్న సంగతే వాటికి తెలీదు."

"తెలుసండి," అన్నాడు సత్తియ్య. ఆగడం మాత్రం మానలేదు.

సత్యప్రసాద్ మనసు కరిగి అసలు సంగతి చెప్పాడు. రెండు కంప్యూటర్లకి తీగ కలిపితే ఇద్దరు మనుషులు ఒకే ఆకాశంలో ఓడలు నడపొచ్చు. ఆ మాట విన్న రోజు నుంచి సత్తియ్య మేష్టారైపోయాడు. సెంటర్‌లో అడుగుపెట్టిన ప్రతివాడినీ పక్క కుర్చీలో కూర్చోబెట్టడమే పని. ఈమెయిల్ చూసుకోవడానికి వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు శివరామకృష్ణ అలాగే దొరికాడు.

"ముందు ఏదీ కొనకండి," అన్నాడు సత్తియ్య. "ఖాళీ ఓడతో రెండు మూడు రేవులు తిరిగి రండి. ఎక్కడ ఏది చవకో చూడండి."

"ఖాళీగా తిరగడానికి ఇంతదూరం రావాలా? ఆ పని నేను నరసాపురంలోనే చేస్తున్నాను కదయ్యా!"

"ఆ తర్వాత కొనండి. కొట్టంతా ఒకటే సరుకు నింపకండి. మీరు చేరేసరికి ధర పడిపోతే దాన్నే తింటూ కూచోవాలి. ఆయిలు వెళ్ళడానికి సరిపోతే చాలదు, తిరిగి రావడానికి చూసుకోండి. గిట్టుబాటు కాగానే పెద్ద ఓడ మీద కన్ను పడతది. వద్దు. ఓడ నిలబడి ఉన్నా ఆయిలు తాగుతది, పెద్దదైతే మరీను."

"దొంగలొస్తేనో?"

"సరుకు పారేసి పారిపోండి. వాళ్ళు సరుకు కోసం ఆగుతారు, మీకోసం ఆగరు. రేవులో దిగగానే ఆటని దాచే మీట నొక్కండి, కరెంటుని నమ్మకండి. ఇంకోటండి. గేటు మాత్రం ఒంటరిగా దాటకండి."

"అక్కడేముందయ్యా? ఇసుక మేటలున్నాయా?"

నిజానికి అక్కడ ఏమీ లేదు. మిగతా పాఠాలన్నీ పనికొచ్చాయి, ఆ ఒక్కటీ దండగ. శివరామకృష్ణ నాలుగు రోజులు పక్కనే కూర్చుని, ఐదోరోజు గేటు దగ్గర సత్తియ్య ఆగి ఉండగా అతన్ని దాటుకుని రయ్యిమని వెళ్ళిపోయాడు. ఏమీ కాలేదు. ఆ నెలలోనే పెద్ద ఓడ కొన్నాడు, దానికి ఆయిలు పోసే స్తోమతు కూడా సంపాదించాడు. తర్వాత విసుగు పుట్టి మానేశాడు. అతని తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. నేర్చుకునేదాకా "సత్తియ్య గారూ", నేర్చుకున్నాక రయ్యి. పక్క కుర్చీ మళ్ళీ ఖాళీ.

మరుసటి వేసవిలో మరబోట్లకి వేట నిషేధం వచ్చినప్పుడు గంగయ్య దిగాడు. జుట్టు నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. వచ్చినవాడు మంచినీళ్ళు తాగి అటక వైపు చూశాడు.

"వలలు పట్టుకెళ్దామని వచ్చాన్రా. వైజాగ్‌లో పాత వలలకి బేరముంది."

"సాయంత్రం బండికి కదా బావా. ఈలోగా నాతో కంప్యూటర్ సెంటర్‌కి రా."

"నాకెందుకురా కంప్యూటర్? నా మొహానికి?"

"ఒక్కసారి రా బావా."

అటకెక్కడం సాయంత్రానికి వాయిదా పడింది. సత్తియ్యకి అదే చాలు. వలలు దిగితే పడవ పొయ్యిలోకి పోవలసిందే. వలలు దిగకపోతే, బావ ఒక్కపూట పక్కన కూర్చుని పాత రుచి గుర్తు తెచ్చుకుంటే, ఉండిపోడా? దారంతా ఇదే ఆలోచన. మనిషి మాత్రం ఎండ గురించి మాట్లాడాడు.

వాళ్ళు వెళ్ళేసరికి కరెంటు లేదు. సత్తియ్య తాడు లాగాడు. జనరేటర్ డబడబమంది. గంగయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఒరే, అచ్చం మన ఇంజనే!"

"నేనూ అదే అన్నాను బావా."

సత్యప్రసాద్ తీగ కలిపి ఇచ్చాడు. గంగయ్య మౌసుని బతికున్న చేపని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదట ఓడ తలకిందులైంది. తర్వాత గ్రహాన్ని గుద్దబోయి తప్పించుకుంది.

"ఎలకలా ఉంది, పట్టు చిక్కట్లేదేంట్రా ఇది!"

"మెల్లిగా బావా. లాగకు. నిమురు."

"పెళ్ళాన్ని నిమరలేదురా ఇంత మెల్లిగా!"

సత్తియ్య నవ్వాడు. అచ్చాయమ్మ పోయాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు. నీలం గడ్డలు చెరిసగం వేసుకున్నారు. ఆయిలు చిన్న ఓడలకి పట్టినంత పోయించుకున్నారు. ఇద్దరూ బయల్దేరారు. నల్లటి తెర మీద ఇప్పుడు రెండు దీపాలు. పక్కపక్కన తెరల్లో అవే రెండు దీపాలు. గంగయ్య చెయ్యి కుదుటపడింది.

"ఇది బానే ఉందిరా," అన్నాడు. "నీళ్ళు లేవు గానీ, బానే ఉంది."

సత్తియ్య ఆ మాట దాచుకున్నాడు. గేటు దాటి అవతల ఐసు అమ్మాక అడుగుదామనుకున్నాడు. బావా, ఉండిపో. పడవకి తారు పూయిస్తాను.

దూరంగా ఇనుప కడియం కనపడింది. సత్తియ్య ఓడ ఆపాడు. గంగయ్య ఓడ కూడా ఆగింది. చెప్పకుండానే ఆగింది. అన్నాళ్ళుగా ఎంతమందికి చెప్పినా ఒక్కడూ ఆగని చోట, బావ ఆగాడు. సత్తియ్య నోరు విప్పలేదు. మొగ దగ్గర మాట్లాడకూడదు. గంగయ్యా విప్పలేదు.

ఇద్దరూ తెరలోకి వంగి కూర్చున్నారు. జనరేటర్ మోగుతోంది. కడియం తిరుగుతోంది. ముందు వెళ్ళేది ఎప్పుడూ బావే కదా అని సత్తియ్య చూస్తున్నాడు. కంప్యూటర్ ఓడ ఒకటి వచ్చి దూరిపోయింది. ఇంకొకటి. వాటి వెనక కూడా పోలేదు, పక్కన బావ ఉండగా వాటితో పనేంటి? తెర మూలన ఎర్ర దీపం వెలిగి ఆరడం మొదలైంది. ఆయిలు అడుగంటిందని దానర్థం. ఆ పాఠం అందరికీ చెప్పినవాడే. అయినా కన్ను బావ ఓడ మీదే ఉంది.

రెండు తెరలూ ఒకదాని వెనక ఒకటి చీకటయ్యాయి. ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"ఏమైందిరా?" అన్నాడు గంగయ్య.

"ఆయిలైపోయింది బావా. నువ్వు వెళ్తావని..."

"నేనా? దారి నీకు కదరా తెలుసు! నువ్వెళ్తే వెనక వద్దామని నేను చూస్తన్నా."

గంగయ్య ముందు నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తర్వాత గోడ గడియారం చూశాడు.

"బండి టైమవుతోంది సత్తీ."

పడవ మాట గానీ, తారు మాట గానీ సత్తియ్య ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి అటకెక్కాడు. ఇద్దరు పడితే గానీ లేవని మూట అది. వాసానికి గుచ్చి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ముందు గంగయ్య, వెనక సత్తియ్య. స్టేషన్ దాకా అలాగే నడిచారు. మూట బండిలోకి ఎక్కాక సత్తియ్య భుజం మీద వాసం ఒక్కటీ మిగిలింది.

ఇప్పటికీ అతను జనరేటర్ తాడు లాగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నాలు ఐసు తోలుతూనే ఉన్నాడు. కొత్తవాళ్ళు వస్తే పాఠాలన్నీ చెప్తాడు, గేటు సంగతి మాత్రం ఎత్తడు. పడవ ఇంకా గట్టు మీదే ఉంది, పొయ్యిలో పెట్టలేదు. టీ బడ్డీ దగ్గర తొమ్మిది దొంగ ఓడల కథ చివరికొచ్చి, సత్తియ్య వీరంగం మీద ఈలలు పడుతుండగా, అతను గ్లాసు కింద పెట్టి ఒకసారి అన్నాడు:

"దొంగలెవరూ రాలేదండి. నేను మునగలేదు. బావ ముందు వెళ్తాడని ఆగాను. ఆయిలైపోయింది."