చింతపండుతో తోమిన చక్రవర్తి

ఆ రోజుల్లో పత్రికలో కొత్తగా చేరిన కుర్రాడికి నూజివీడులో పుష్కలంగా దొరికేవి రెండే: మామిడికాయల ధరలు, ఒంటరితనం. మొదటిది వార్త అయ్యేది. రెండోది అద్దె గదిలో నాతోపాటే కాపురం ఉండేది. సాయంత్రం వార్తలు పంపేశాక పలకరించే దిక్కులేక, మెస్‌లో వడ్డించేవాడిని కూర బాగుందా అని నేనే అడిగేవాణ్ని. (బాగుందనే చెప్పేవాడు.)

అలాంటప్పుడు పరిచయమయ్యారు, ముసునూరు దారిలో తోట ఉన్న బాబాయిగారు. చుట్టం కాదు. పూత మాడిపోతోందని రాయడానికి వెళ్లి సార్ అంటే, బాబాయ్ అనమన్నారు. పిల్లలు లేరు. పిన్ని పోయి అప్పటికి ఏడాది. ఆవిణ్ని నేను చూడనే లేదు.

ఒకరోజు ఆయన ఒక వెండి బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టారు. గొలుసుకు వేసుకునేందుకు చుట్టూ పట్టీ, పైన కొక్కెం. ఒకవైపు గద్దో కాకో తేలని పక్షి. రెండోవైపు ముఖం ఉండాల్సిన చోట నున్నటి బుగ్గ. అది జర్మనీ చక్రవర్తి కాలం నాటి వెండి నాణెమనీ, తన తండ్రి పటాలం నుంచి తెచ్చాడనీ చెప్పి మామగారు పెళ్లిలో కూతురికి ఇచ్చారట. తిరనాళ్లలో కొన్న రేకుబిళ్ళ అని బాబాయిగారు జీవితమంతా పిన్నిని ఏడిపించారట. ఆవిడ ఒక్కరోజూ ఒప్పుకోలేదట.

“పేపరోడివి కదా, నువ్వే తేల్చు అబ్బాయ్. ఎవరు గెలిచారో తెలీకుండానే వెళ్లిపోయింది” అన్నారు.

నాకు నాణేల గురించి తెలిసింది చిల్లర మార్చుకోవడం వరకే. అయినా తల పంకించి, చూద్దామండీ అన్నాను. ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ నాణెం వివరాలున్న కాగితం ఒకటి ప్రింట్ తీయించి పరీక్షలు మొదలుపెట్టాను. పాత రేడియో స్పీకర్‌లోని అయస్కాంతం పెడితే అంటుకోలేదు. గచ్చు మీద వేస్తే ఖంగున మోగింది. వెండి మీద ఐసు తొందరగా కరుగుతుందని చదివి, సోడా షాపులో గడ్డ కొని సైకిల్ మీద బయల్దేరాను. తోటకు చేరేసరికి చేతిలో తడి సంచీ మిగిలింది. (ఆ పరీక్షలో నెగ్గింది ఎండ.) ఆదివారానికి ఒక్క పరీక్షే చేసేవాణ్ని. పరీక్షకొక భోజనం, పప్పులో నెయ్యి, ఆఖరున తోటలో పండిన రసాలు. అన్నీ కలిపి ఒక్క పూటలో తేలిపోయే పనేనని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

చివరికి తూకం మిగిలింది. ఊళ్లో కంసాలి పట్టీ ఊడదీసి తూచాడు. కాగితంలో ఉన్నదానికన్నా బాగా తగ్గింది. డూప్లికేటేనండీ, అని బిళ్ళనూ పట్టీనీ విడిగా పొట్లం కట్టి ఇచ్చేశాడు.

ఆ మాట చెప్పగానే బాబాయిగారు పెద్దగా నవ్వి, వంటింటి వైపు తిరిగి “చెప్పానా?” అన్నారు. అలవాటు మరి. వంటింట్లో ఎవరూ లేరు. ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత ఏం చేయాలో తెలియనట్టు ఆగిపోయింది. గెలిచిన మనిషి అంత దిగులుగా కూర్చోవడం నేను అదే చూడటం. ఆయన బిళ్ళను వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నారు. బొటనవేలు అంచు దగ్గర ఆగింది.

“ఇక్కడ గరుకుగా ఉందేంటబ్బాయ్?”

భూతద్దంలో చూశాను. అంచు చుట్టూ లోపలికి నొక్కిన అక్షరాలు, నిన్న అచ్చు వేసినట్టున్నాయి. నా కాగితంలో ఉన్నదీ అదే. అచ్చులో పోసిన నకిలీకి అంచు మీద అతుకు గీత కనిపిస్తుంది, అక్షరాలు ఇంత స్పష్టంగా రావు. ఇన్నేళ్లూ పట్టీ కింద దాక్కోవడం వల్ల ఆ అంచు ఒక్కటే అరగలేదు. నాణెం అసలుదే. మరి బరువెందుకు తగ్గిందండీ అని అడిగాను.

ఆయన బిళ్ళను తిప్పి, నున్నటి బుగ్గను వేలితో రాశారు. “ప్రతి శుక్రవారం చింతపండేసి తోమేది. బొట్టు పెట్టి లక్ష్మీదేవి పక్కన కూర్చోబెట్టేది. మీసాలతో సహా అరగదీసేసింది మహానుభావుణ్ని.” మళ్లీ వంటింటి వైపు చూశారు. “నువ్వే గెలిచావులేవే” అన్నారు మెల్లగా.

నేను సైకిల్ తీస్తుంటే గేటు దాకా వచ్చి, ఇంకే పరీక్షలూ మిగల్లేదా అని అడిగారు. ఒకటుందండీ అన్నాను. అదేంటో నాకూ తెలియదు. ఆయనా అడగలేదు. వచ్చే ఆదివారం పెందలాడే రమ్మన్నారు.

ఇప్పుడు ఫోటో తీసి ఫోన్‌లో పెడితే అసలో నకిలీయో క్షణంలో చెప్పేస్తుందట. మొన్న ఎవరో చూపించారు కూడా. ఔరా అన్నాను గానీ, అంత తొందరగా తేల్చేసుకున్నవాళ్లు ఆ తర్వాత ఆదివారాలన్నీ ఏం చేస్తారో పాపం.