మా మిల్లు కాటా మీద రేసుకారు

డెబ్బైలలో ఒక ఏడాది జూనియర్ల జాతీయ పోటీల్లో ఒంటి సీటు రేసుకారు నడిపాను. మద్రాసులో ఆఖరి రేసు గెలిస్తే ఛాంపియన్‌ని. కారు ఒక బరువుకు తగ్గకూడదని రూలు. అందుకని ముందుగా తిరువూరులో మా నాన్నగారి పత్తి మిల్లు కాటా ఎక్కించాం. ఇరవై కిలోలు తక్కువ చూపింది. మెకానిక్కు కారు చుట్టూ అనుమానంగా రెండుసార్లు తిరిగి, సీటు కింద ఇరవై కిలోల ఇనుప దిమ్మ బిగించాడు.

రేసులో కారు పొడుగంత తేడాతో రెండోవాణ్ణయ్యాను. తర్వాత అక్కడి కాటా మీద తూచారు. సరిగ్గా ఇరవై కిలోలు ఎక్కువ.

"పొద్దున ఇడ్లీలు ఎన్ని లాగించారు సార్?" అన్నాడు మెకానిక్కు, నా పొట్ట వంక చూస్తూ.

ఇంటికొచ్చి సంగతి చెబితే నాన్నగారు నన్ను ఎగాదిగా చూశారు.

"మద్రాసోళ్ళ కాటాలో ఏదో మోసం ఉందిరా. మనది మీ తాత హయాం నుంచీ ఒక్కలాగే తూస్తోంది."

పత్తి బోరాలతో పెనుగొలను నుంచి వచ్చిన రైతు పక్కనే నిలబడి ఉన్నాడు.

"మేమూ అదేగా అంటున్నామండీ," అన్నాడు.

ఆయన పత్తి తూచే ముందు నాన్నగారు నన్ను భోజనానికి ఇంట్లోకి పంపేశారు. అప్పటికింకా పది కూడా కాలేదు.